నల్లబ్బాయి అన్న మాట గురించి మనవలకు ఉత్తరం

కాకినాడ.

ప్రియమైన మనవడికీ, మనవరాలికీ, ఈ ఉత్తరం చదివే మీ ఈడు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో జరిగిన సంగతి ఇంకా నా మనసులో మెదులుతూనే ఉంది. అమెరికాలోని మీ ఇంట్లో చిన్నవాడి వెనకాల సోఫాలో కూర్చుని ఆడుకుంటున్న స్నేహితుణ్ణి చూసి మీ మామ్మ, "ఆ నల్లబ్బాయి ఎవర్రా, ముద్దుగా ఉన్నాడు" అంది. మీ ఇద్దరి ముఖాలూ వెలవెలబోయాయి. ఆ పిల్లవాడికి తెలుగు రాకపోయినా తన గురించే ఏదో అన్నారని తెలిసి అర్థం అడిగితే, పాప "ఏమీ లేదు" అని మాట దాటేసింది. ఆ రాత్రి పాప నాకు విడిగా ఒక్క ప్రశ్న పంపింది: "తాతయ్యా, మామ్మ రేసిస్టా?" రంగు, జాతి చూసి మనుషుల్ని తక్కువ చేసే మనిషా అని. దీనికి ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు మామ్మ సంగతి చెబుతాను. ఆమె పెద్దన్నయ్యను ఊరంతా నల్లబ్బాయి అనే పిలిచేది. ఆయన అసలు పేరు ఇరుగుపొరుగు వాళ్ళలో సగం మందికి తెలియదు కాబట్టి పెళ్ళి శుభలేఖలో పేరు పక్కన బ్రాకెట్లో నల్లబ్బాయి అని కూడా అచ్చు వేయించారు. మన పల్లెల్లో నల్లయ్యలూ, నల్లమ్మలూ ఎందరో ఉన్నారు. కృష్ణుడి పేరుకు అర్థమే నలుపు. కాబట్టి ఆ మాట మామ్మ నోట వచ్చినప్పుడు ఆమెకు గుర్తుకొచ్చింది తన అన్నయ్యే. అయితే ఇంతటితో ఆపితే మీకు సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. మగపిల్లవాణ్ణి నల్లబ్బాయి అని గారాబంగా పిలుచుకున్న ఆ ఇంట్లోనే, ఆయన చెల్లెలు రంగు తక్కువని రెండు సంబంధాలు తప్పిపోయాయి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు గుమ్మం దాటకముందే "పిల్ల నలుపు" అనుకోవడం తన చెవిన పడిందని ఆ చెల్లెలు నాతో ఒకసారి చెప్పింది. ఆ చెల్లెలు మీ మామ్మే. ఒకే ఇంట్లో, ఒకే మాట అన్నకు ముద్దుపేరయింది, చెల్లెలికి గాయమయింది.

మాటకు అర్థం నిఘంటువులో ఉంటుందని బడిలో మీకు చెబుతారు. అర్థం ఉంటుంది కాని, ముల్లు అక్కడ ఉండదు. ఎవరు, ఎవరిని, ఏ కాలంలో, ఏ పని చేయించుకుంటూ ఆ మాటతో పిలిచారో ఆ చరిత్రలో ఉంటుంది ముల్లు. ఈ సంగతి నాకు బాగా అర్థమైంది మన సొంత మాట ఒకటి సముద్రం దాటి ఏమైందో తెలుసుకున్నప్పుడు.

ఆ మాట కూలి. కూలి అంటే చేసిన పనికి వచ్చే డబ్బు. కూలి గిట్టిందా అంటాం, కూలికి వెళ్ళాడంటాం. రైతు కూలీలు తమ సంఘాలకు ఆ పేరే సగర్వంగా పెట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ కూలీ అనే మాట మన దక్షిణాది భాషల్లోని ఈ కూలి నుంచే వచ్చిందని కొందరూ, గుజరాత్‌లోని కోలీలన్న కులంవాళ్ళ పేరు నుంచి వచ్చిందని కొందరూ అంటారు. ఏదైనా, 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మనవాళ్ళను ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 దాకా దాదాపు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా, డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు వెళ్ళారు. వారిలో సగానికి పైగా మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళే, వారిలో తెలుగువాళ్ళు చాలామంది. ఓడ దిగిన మనిషికి ఒక నంబరు, ఒక యజమాని, ఒక కొత్త పేరు దొరికాయి. ఆ పేరు కూలీ. మొదట అది పని పేరు, కొన్నేళ్ళకు జాతి పేరయింది. దక్షిణాఫ్రికాలోనే ఉన్న ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం 1885లో చేసిన 3వ నంబరు చట్టంలో కూలీలు, అరబ్బులు, మలయీలు అంటూ మనుషులను వరసపెట్టి రాశారంటే, కూలి చేసినా చేయకపోయినా భారతీయుడైతే చాలు, అతను కూలీయే అన్నమాట.

1893లో అక్కడికి వెళ్ళిన గాంధీగారిని కూలీ బారిస్టరు అన్నారు. ఆయన ఆత్మకథలో రాసిన ఒక సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. ఆ మాట పడలేక ముస్లిం వ్యాపారులు తాము అరబ్బులమని చెప్పుకునేవారట, పార్శీ గుమాస్తాలు పర్షియన్లమని చెప్పుకునేవారట. తమిళ, తెలుగు, ఉత్తరాది కూలీలకు మాత్రం దాక్కోవడానికి మరో పేరు లేదు. మనవాళ్ళ పేర్ల చివర ఉండే సామి అన్న ముక్కను పట్టుకుని తెల్లవాళ్ళు భారతీయులందరినీ సామీ అని పిలిచేవారు. చురుకైనవాడెవడైనా ఉంటే, "సామి అంటే యజమాని అని మీకు తెలియదేమో, నేను మీ యజమానిని కాను" అని తిప్పికొట్టేవాడట. స్వామి అన్న మాట కంటే గౌరవమైనది మన భాషలో ఏముంది? దాన్ని కూడా తిట్టుగా వాడగలిగారు, ఎందుకంటే తిట్టడానికి కావలసింది చెడ్డ మాట కాదు, ఎదుటివాణ్ణి కింద నిలబెట్టే అధికారం. దక్షిణాఫ్రికాలోనూ, మనవాళ్ళు అలాగే వలసపోయిన గయానా, ట్రినిడాడ్ దేశాల్లోనూ భారతీయ సంతతి మనిషిని కూలీ అనడం ఈనాటికీ ఘోరమైన అవమానమే. ఇక్కడ మన పాలేరు అబ్బాయి "కూలి డబ్బులు ఇవ్వండి బాబూ" అని చేయి చాచి అడుగుతాడు, అందులో ఏ చిన్నతనమూ లేదు. మన దేశంలోనూ రైల్వేవాళ్ళు 2016లో స్టేషన్లలో సామాను మోసేవారిని కూలీ అనడం మాని సహాయక్ అనాలని ప్రకటించారు. అక్కడ పని అదే, మోసే బరువు అదే, పేరు మాత్రం మారింది. అంతమాత్రాన వాళ్ళ బతుకు బాగుపడిందని నేను చెప్పలేను కాని, పిలుపు మార్చాలని ఎవరో ఆలోచించినందుకు సంతోషించాను.

మీరు పోయిన సెలవుల్లో బోటెక్కి మడ అడవులు చూసిన కోరంగి గుర్తుందా? 1839 తుపానుకు దెబ్బతినకముందు అది పెద్ద ఓడరేవు. మన జిల్లాల వాళ్ళు బర్మాకు వలసపోయినప్పుడు, దాన్నే మనవాళ్ళు రంగం వెళ్ళడమనేవారు, అక్కడ తెలుగు కూలీకి కోరంగీ అని పేరు పెట్టారు. ఒక ఊరి పేరు అలా మనిషికి ముద్రగా పడింది. బర్మా భాషలో మరో మాట ఉంది, కలా అని. పడమటి నుంచి వచ్చినవాడని దానికి పాత అర్థమంటారు. భారతీయులనూ, తర్వాత అక్కడి రోహింగ్యా ముస్లింలనూ ద్వేషంతో పిలిచే మాట అయింది. 2017లో ఫేస్‌బుక్ ఆ మాట ఉన్న రాతలను తొలగించడం మొదలుపెడితే, కుర్చీ గురించీ, శనగపప్పు గురించీ రాసుకున్నవి కూడా తొలగిపోయాయి. ఎందుకంటే బర్మా భాషలో కుర్చీ పేరులోనూ, శనగపప్పు పేరులోనూ ఆ కలా ఉంది! అక్షరాలను పట్టుకుని నిషేధిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి చూడండి. కుర్చీ మీద కూర్చునేవాడికి ఆ మాట గుచ్చుకోదు, వీధిలో తరుముకొస్తున్న గుంపు నోట అదే మాట వింటే ప్రాణం పోతుంది.

ఇక మీరుండే అమెరికా సంగతి. నేను చదువుకునే రోజుల్లో మా పుస్తకాల్లో నీగ్రో అని ఉండేది, మేమూ అలాగే రాసేవాళ్ళం, తప్పని ఎవరూ అనుకోలేదు. మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంలో తనవాళ్ళను ఆ మాటతోనే చెప్పుకున్నారు. అంతకు ముందు 1928లో ఒక హైస్కూలు కుర్రవాడు, నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ నడిపే క్రైసిస్ పత్రికకు ఉత్తరం రాసి, ఈ నీగ్రో అన్న మాట మీరెందుకు వాడుతున్నారని నిలదీశాడు. పేరునే అసలు వస్తువనుకునే పొరపాటు చేయవద్దనీ, పేరు మార్చినంత మాత్రాన ద్వేషం పోదనీ పెద్దాయన ఓపికగా జవాబు రాశారు. ఆయన మాట నిజమే. కాని కుర్రవాడి మనసు చెప్పిందీ నిజమే. 1960ల చివరికల్లా యువకులు బ్లాక్ అన్న మాటను ఎత్తిపట్టుకున్నారు, 1988లో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ ఆఫ్రికన్ అమెరికన్ అనమన్నారు, 2016లో అక్కడి కేంద్ర (ఫెడరల్) చట్టాల్లో మిగిలి ఉన్న నీగ్రో అన్న పదాన్ని తీసేశారు. ఒకప్పుడు వాళ్ళను నలుపు అనడమే అవమానంగా ఉండేదని గుర్తుంచుకుంటే, అదే అర్థమున్న మాటను వాళ్ళే ఎంచుకుని గౌరవనీయం చేసుకోవడం ఎంత పెద్ద పనో మీకు తెలుస్తుంది. ఇంకో మాట ఉంది, మీరు పాటల్లో వింటుంటారు, దాని మొదటి అక్షరం చెప్పి ఊరుకుంటారు. దాన్ని ఆ పిల్లలు ఒకరినొకరు అనుకుంటున్నారు కదా అని మీరు మాత్రం అనకండి. అది వాళ్ళ తాతల వీపు మీద కొరడాతోపాటు పడిన మాట. దాన్ని ఏం చేసుకోవాలో నిర్ణయించుకునే హక్కు వాళ్ళది.

మన హైదరాబాద్‌కు సంబంధించిన ఒక సంగతి కూడా చెప్పాలి. వెస్టిండీస్‌లోని సెయింట్ లూసియాకు చెందిన నల్లజాతి ఆటగాడు డారెన్ సామీ 2013, 2014లలో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టుకు క్రికెట్ ఆడాడు. జట్టులో కొందరు తనను కాలూ అని పిలిచేవారనీ, బలమైన గుర్రం అని అర్థమనుకున్నాననీ, హిందీలో నల్లవాడన్న అసలు అర్థం 2020లో తెలిసి మనసు కష్టపడిందనీ అతను చెప్పాడు. తర్వాత అలా పిలిచినవారిలో ఒకరితో మాట్లాడి, ప్రేమతోనే అన్నారని నమ్ముతున్నానన్నాడు. వాళ్ళు ప్రేమతోనే అని ఉండవచ్చు. మామ్మ అన్నదీ ప్రేమతోనే. అయినా ఆ మనిషి అన్నేళ్ళు నవ్వుతూ పలికిన పిలుపు వెనక ఏముందో తెలిసిన రోజున అతనికి ఎలా ఉండి ఉంటుందో మీరు ఒక్కసారి ఊహించండి.

ఇతరుల తప్పులే చెప్పి నా తప్పు దాచుకోను. నేను తెలుగు మాస్టారుగా చేరిన కొత్తలో, ఒక పిల్లవాడి నోటుపుస్తకం నిండా సిరా మరకలుంటే, ఎర్ర సిరాతో "రాత చండాలంగా ఉంది" అని రాశాను. మనం రోజూ అనే మాటే కదా, కూర చండాలంగా ఉందంటాం, రోడ్డు చండాలంగా ఉందంటాం. రెండు వారాల తర్వాత హరిశ్చంద్రుడి పాఠం వచ్చింది. సత్యం కోసం రాజు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయిన ఘట్టం చెబుతూ, అతను చండాలుడని వివరించాను. చివరి బల్ల మీద నుంచి ఆ పిల్లవాడు లేచి, "మాస్టారూ, చండాలుడంటే మనిషేనాండి?" అన్నాడు. మనిషే, ఆ రోజుల్లో కాటి పని చేయించిన కులం పేరు అన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు. నోటుపుస్తకం తీసి నేను రాసిన ఎర్ర అక్షరాల పేజీ బల్ల మీద తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ నాన్న ఊరి శ్మశానంలో గోతులు తవ్వేవాడని నాకు తెలుసు. క్లాసులో అందరి ముందూ వాడి దగ్గరకు వెళ్ళి ఆ మాట కొట్టేసి, నాది తప్పని చెప్పాను. నలభై ఏళ్ళు దాటినా ఆ పేజీ నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. మనుషుల పేరును మురికికి పేరుగా వాడుకుంటున్నామని, పద్యాలన్నీ కంఠస్థం చేసిన నాకు తట్టలేదు, పన్నెండేళ్ళ పిల్లవాడికి తట్టింది.

ఆ పిల్లవాడి పెద్దలు కూడా ఇటువంటి ప్రశ్నే వేశారు. 1917 నవంబరులో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో, నాలుగు వర్ణాలకు బయటివాళ్ళని చెప్పే పంచములన్న పేరు మాకొద్దు, మేము ఈ నేలకు మూలవాసులం, ఆది ఆంధ్రులం అన్నారు. తర్వాత గాంధీగారు హరిజనులన్న పేరును మంచి మనసుతోనే వాడారు, అంబేడ్కర్ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆ మాట వద్దని వాళ్ళే అంటారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల హక్కుల ఉద్యమం దండోరాలో, ఊళ్ళలో తిట్టుగా వినబడే మాదిగ అన్న మాటను మంద కృష్ణ మాదిగ వంటివారు రెడ్డి, శర్మ అని పెట్టుకున్నట్టే పేరు చివర తలెత్తుకుని పెట్టుకున్నారు. వాళ్ళు సగర్వంగా చెప్పుకున్నారు కదా అని ఇంకొకరు కోపంలో అదే మాటతో కసురుకోవడానికి వీల్లేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, నలుగురిలో కులం పేరుతో దూషించడాన్ని నేరంగా విడిగా పేర్కొంది.

కాబట్టి పాపా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. మామ్మ ఆ పిల్లవాణ్ణి తక్కువ చేయాలనుకోలేదు. కాని తన ఇంట్లో ఉన్న అర్థాన్నే ఆ మాట ప్రపంచమంతటా మోసుకెళ్తుందని అనుకుంది, అది పొరపాటు. నువ్వు "ఏమీ లేదు" అనడం కూడా సరైన పని కాదనిపిస్తుంది, ఎందుకంటే దాచిన అర్థం వాడికి మరింత చెడ్డగా తోస్తుంది. మా మామ్మ నీ రంగు గురించి అంది, ముద్దుగా ఉన్నావని కూడా అంది, అలా అనకూడదని మేము చెప్పాం అని ఉన్నదున్నట్టు చెప్పు. వాడు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వు, వాదించకు. పొరుగింటివాళ్ళ గురించి మీ అమ్మా నాన్నా "నల్లోళ్ళు" అని ఫోన్‌లో అంటుంటే, కోప్పడకుండా ఆ ఇంటివాళ్ళ పేర్లు గుర్తు చేయి.

ఈ ఉత్తరం మామ్మకు చదివి వినిపించాను. పెళ్ళిచూపుల సంగతి దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లాడి పేరేమిటో అడగండి, ఈసారి పేరుపెట్టి పిలుస్తాను, నోరు తిరక్కపోతే నాలుగుసార్లు అనుకుంటాను" అంది. చిన్నవాడా, ఆ పేరు తెలుగు అక్షరాల్లో రాసి పంపు.

మీ
తాతయ్య