పారామెడికల్ వేరు, పారామెడిక్ వేరు: అపోహలు - వాస్తవాలు

"అక్కా, నేను గుంటూరులో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేశాను. ఇక్కడ పారామెడిక్ కోర్సులో నేరుగా చేరొచ్చు కదా?" డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల నుంచి, అంబులెన్సులో పనిచేసే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివే. పోయిన వారం అడిగిన అమ్మాయి అప్పటికే కమ్యూనిటీ కాలేజీలో ఈఎంటీకి (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, పారామెడిక్‌కు ముందు మెట్టు) ఫీజు కట్టేసింది.

అపోహ: పారామెడిక్ అంటే మన పారామెడికల్ కోర్సే.

కాదు. మన దగ్గర పారామెడికల్ బోర్డు ఇచ్చే ల్యాబ్, రేడియాలజీ, డయాలసిస్ డిప్లొమాలు ఆసుపత్రి లోపలి పనులకు. అమెరికాలో వాటిని అలైడ్ హెల్త్ అంటారు. పారామెడిక్ అంబులెన్సులో వచ్చే మనిషి. మన 108లో వచ్చే ఈఎంటీని గుర్తు తెచ్చుకోండి, ఇది దానికి పై మెట్టు. రోడ్డు పక్కన చీకట్లో ఈసీజీ చదవాలి. గొంతులోకి ట్యూబు వేయాలి. నరం దొరక్కపోతే ఎముకలోకి సూది దించి మందు ఎక్కించాలి. పక్కన డాక్టర్ ఉండరు. ఆయన ఆమోదించిన ప్రొటోకాల్స్ ఉంటాయి, మరీ అవసరమైతే ఫోన్లో దొరుకుతారు.

ల్యాబ్ అనుభవం ఉంది కదా అని ఈఎంటీ మెట్టు దాటేయనివ్వరు. అది సాధారణంగా ఒక సెమిస్టర్. ఆ తర్వాతే పారామెడిక్. ఏడాది నుంచి రెండేళ్లు, వెయ్యి గంటలకు పైనే. అందులో చాలా గంటలు ఎమర్జెన్సీ రూములో, ఆపరేషన్ థియేటర్‌లో, కాన్పుల వార్డులో, చివరికి అంబులెన్సులో ప్రిసెప్టర్ (పని నేర్పే సీనియర్) కింద గడుస్తాయి. పన్నెండు గంటల షిఫ్టులు, ఇరవై నాలుగు గంటల షిఫ్టులు. చిన్నపిల్లలున్నవాళ్లు రాత్రి ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోవాలి.

రెండేళ్ల కింద మా అంబులెన్సులో ఒక ఈఎంటీ స్టూడెంట్ ఉండేది, మన తెలుగమ్మాయే. అర్ధరాత్రి హైవే మీద యాక్సిడెంట్. కారు డోరు కోస్తున్నారు, లోపల మనిషి అరుస్తున్నాడు. తను గ్లవ్స్ వేసుకుని అలాగే నిలబడిపోయింది. తెల్లారాక స్టేషన్లో ఏడ్చింది. "నాకు మైక్రోస్కోప్ ముందు కూర్చోవడమే ఇష్టం అక్కా. ఇది కూడా అలాంటిదే అనుకున్నాను." ఆమె చేరాల్సింది ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్) కోర్సులో. అదీ కమ్యూనిటీ కాలేజీల్లోనే ఉంటుంది. ఒక సెమిస్టరూ ఫీజూ పోయాయి. అందులో ఆమె తప్పు ఏమీ లేదు, పేర్లే అలా ఉన్నాయి. "పారామెడిక్ చేస్తే హాస్పిటల్లో జాబ్ గ్యారంటీ" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్ల మీదే నా కోపమంతా. దయచేసి ఫీజు కట్టకముందే ఈ పని చేసేవాళ్లతో ఒక గంట మాట్లాడండి. కొన్ని చోట్ల అంబులెన్సులో కూర్చుని చూడనిస్తారు కూడా, అడగండి.

ఇంకో జాగ్రత్త. పారామెడిక్ ప్రోగ్రామ్‌కు సీఏఏహెచ్‌ఈపీ (ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు గానీ, కొత్తదైతే లెటర్ ఆఫ్ రివ్యూ (గుర్తింపుకు ముందు దశ పత్రం) గానీ ఉందో లేదో చూడండి. 2013 నుంచి అది లేని చోట చదివినవాళ్లను నేషనల్ రిజిస్ట్రీ (దేశమంతటికీ సర్టిఫికేట్ ఇచ్చే సంస్థ) పారామెడిక్ పరీక్షకు కూర్చోనివ్వడం లేదు. పరీక్ష పాసైనా పని చేయడానికి మీ రాష్ట్రం అనుమతి విడిగా తీసుకోవాలి.

పారామెడిక్ ఉద్యోగంతో హెచ్1బీ వర్క్ వీసా వస్తుందన్నది ఒట్టి పుకారు. ఆ వీసా బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకు, ఈ ఉద్యోగానికి ఆ నియమం లేదు. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబసభ్యుల వీసా) మీద చదువుకోవచ్చు, కానీ ఈఏడీ (ఉద్యోగ అనుమతి కార్డు) లేకుండా ఉద్యోగం చేయకూడదు.

"70వ ప్రశ్నకే కంప్యూటర్ ఆగిపోయింది, ఫెయిలయ్యానా?" అవ్వాలని ఏం లేదు. ఈఎంటీ పరీక్షలో 70 నుంచి 120 ప్రశ్నలు రావచ్చు, మీ స్థాయి తేలగానే ఆపేస్తుంది. నాకూ 70కే ఆగింది. కారులో కూర్చుని గంటసేపు ఏడ్చాను. మర్నాడు చూస్తే పాస్.

ఇక యాస గురించి టెన్షన్. ఆసుపత్రికి రేడియోలో చెప్పేటప్పుడు కావలసింది వరుస: వయసు, బాధ ఏమిటి, బీపీ, పల్స్, ఏమిచ్చాం, ఎన్ని నిమిషాల్లో వస్తున్నాం. ఆ వరుస నోటికి వచ్చేదాకా నేను వంటింట్లో గరిటె పట్టుకుని ప్రాక్టీస్ చేశాను.

ఒకసారి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ ఇంటికి వెళ్లాం. ఇంగ్లిష్ రాదు. నేను తెలుగులో పలకరించగానే నా చెయ్యి పట్టుకుని, "గ్యాస్ పట్టేసిందమ్మా, కాస్త సోడా తాగితే పోతుంది, వీడే కంగారుపడి ఫోన్ చేశాడు" అన్నారు. ఒళ్లంతా చెమటలు. ట్వెల్వ్ లీడ్ ఈసీజీ తీస్తే ఎస్టీ ఎలివేషన్, అంటే గుండెపోటు గుర్తు. ఆస్పిరిన్ నమిలించి, బయల్దేరి, స్టెమీ అలర్ట్ (పెద్ద గుండెపోటు కేసు వస్తోందన్న హెచ్చరిక) రేడియోలో చెప్పాను. నా యాసలోనే చెప్పాను. అవతలి నర్సు ఒక్కసారి కూడా మళ్లీ చెప్పమనలేదు. మేం వెళ్లేసరికి క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే గది) సిద్ధంగా ఉంది.