అడవి పక్క పొలం లెక్క

అడవినీ పచ్చని నేలనూ కాపాడితే పక్కనున్న పొలానికి, టూరిజానికి ఏం ఒరుగుతుంది? కాఫీ తోటతో మొదలుపెడదాం. కాఫీ తోట పూతలో ఉండగా చూడాలంటే సరిగ్గా ఆ సమయానికి అక్కడ ఉండాలి. మంచి వాన పడ్డ కొద్ది రోజులకు కొమ్మల పొడవునా తెల్లటి పూలు గుత్తులుగా విచ్చుకుంటాయి. తోటంతా మల్లెల వాసన. రెండు మూడు రోజుల్లో అంతా వాడిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో పుప్పొడి పువ్వుకి అందాలి. అరబికా రకం తన పుప్పొడితో తానే కాయ కట్టుకోగలదు కాబట్టి తేనెటీగలతో దానికి పెద్దగా పని లేదనే చాలాకాలం అనుకున్నారు.

కోస్టారికాలోని ఒక పెద్ద కాఫీ తోటలో పర్యావరణ శాస్త్రవేత్త టేలర్ రికెట్స్ బృందం ఈ నమ్మకాన్ని పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రకటించింది. తోటను ఆనుకుని రెండు అడవి ముక్కలున్నాయి. వాటికి సుమారు కిలోమీటరు లోపున్న చెట్లకు దిగుబడి 20 శాతం ఎక్కువ వచ్చింది. గింజ నాణ్యతలోనూ తేడా కనిపించింది. కాఫీ కాయలో మామూలుగా రెండు గింజలు చదునైన వైపులు ఒకదానికొకటి ఆనించుకుని ఉంటాయి. పుప్పొడి సరిగా అందని కాయలో ఒకే గింజ ఎదిగి, బఠాణీలా గుండ్రంగా తయారవుతుంది. దాన్నే పీబెర్రీ అంటారు. (పీబెర్రీని ఏరి మరీ కొనేవాళ్ళు ఉన్నారు, అది వేరే కథ. తోటలో మాత్రం అది తరుగే.) అడవి దగ్గర ఈ పీబెర్రీలు 27 శాతం తగ్గాయి. ఆ రెండు అడవి ముక్కల వల్ల ఒక్క తోటకే ఏడాదికి దాదాపు 60 వేల డాలర్ల లాభమని లెక్క తేలింది.

కిలోమీటరు దాటితే ఏమైందంటే, అడవి తేనెటీగలు చెట్టు తొర్రల్లోనో మట్టిలోనో గూళ్ళు కట్టుకుంటాయి. అక్కడి నుంచి ఎగిరి వెళ్ళి, పని చేసుకుని, తిరిగి రావాలి. దూరం పెరిగేకొద్దీ ఆ ప్రయాణం వాటికి గిట్టుబాటు కాదు. అందుకని దూరంగా ఉన్న చెట్లకు మామూలు తేనెటీగ ఒక్కటే దిక్కు. ఏదో ఒక ఏడు వాటి సంఖ్య పడిపోయిందంటే ఆదుకోవడానికి మరో జాతి ఉండదు.

అదే దేశంలో పక్షుల మీద జరిగిన మరో అధ్యయనం 2013లో వచ్చింది. కాఫీ కాయను తొలిచే బెర్రీ బోరర్ అనే పురుగు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆడపురుగు కాయలోకి సన్నని బెజ్జం చేసుకుని దూరి, లోపలే గుడ్లు పెడుతుంది. ఒకసారి లోపలికి పోయిందంటే మందు కొట్టినా దాన్ని చేరడం కష్టం. బయట తిరిగే కొద్దిసేపట్లోనే దొరకాలి. పరిశోధకులు కొన్ని చెట్లకు పక్షులు రాకుండా వలలు కప్పి, వాటిని మామూలు చెట్లతో పోల్చారు. పక్షులు వాలే చెట్లలో పురుగు బెడద సగానికి తగ్గింది. చుట్టూ చెట్టూచేమా ఉన్న తోటల్లో ఈ పక్షులు ఎక్కువ.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథే. కానీ మొదటి తోటకి తర్వాత ఏం జరిగిందో చాలామంది చెప్పరు. కాఫీ ధరలు పడిపోవడంతో ఆ చెట్లు తీసేసి అనాస వేశారని ఒక జీవశాస్త్రవేత్త 2006లో నేచర్ పత్రికలో ఎత్తిచూపాడు. అనాసకు పరాగసంపర్కంతో పని లేదు. పైగా అది జరిగితే పండులో గింజలు పడతాయని రైతులే వద్దంటారు. అంటే 60 వేల డాలర్ల అడవి, అక్కడే ఉండి, అదే తేనెటీగలతో ఉండి, తోట లెక్కల్లో సున్నా అయిపోయింది.

అందుకే పచ్చని నేలను కాపాడటానికి తేనెటీగల లెక్క ఒక్కటీ చూపిస్తే చాలదని నాకనిపిస్తుంది. పంట మారొచ్చు, ధర మారొచ్చు. వ్యవసాయానికి ఆ రక్షణ వల్ల దొరికే అసలు మేలు తేనెటీగలకన్నా మొరటు విషయం: భూమి ధర.

నగరం పెరుగుతున్న చోట పొలం ఉన్న రైతును ఊహించుకోండి. పక్క పొలంలో ప్లాట్ల బోర్డు లేచింది. ఇప్పుడు తను పండ్ల మొక్కలు నాటాలా? అవి కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు, పెట్టుబడి తిరిగి రావడానికి ఇంకొన్నేళ్ళు. ఈలోపు ఎవరో వచ్చి పంట మీద జన్మలో చూడనంత డబ్బు ఇస్తానంటే? నాటడు. షెడ్డు వేయడు, కాలవ బాగు చేయడు. ఈ ఏడాదికి ఏదో ఒకటి చల్లి ఊరుకుంటాడు. భూమి అప్పటికే కొని పెట్టుకున్న ఆసామి అయితే ఏడాదికోసారి కౌలుకిస్తాడు. వచ్చే ఏడు ఈ నేల తనది కాదని తెలిసిన కౌలు రైతు పశువుల ఎరువు ఎందుకు తోలుతాడు? ఇల్లు ఒక్కటీ కట్టకముందే వ్యవసాయం సగం చచ్చిపోతుంది. అమెరికాలో భూ వినియోగ నిపుణులు దీనికి ఒక జబ్బు పేరే పెట్టారు, ఇంపర్మనెన్స్ సిండ్రోమ్ (అశాశ్వతపు జబ్బు) అని.

పొలాలు పలచబడితే ట్రాక్టర్ మెకానిక్‌కి పని ఉండదు, ఎరువుల దుకాణం మూతపడుతుంది, కోల్డ్ స్టోరేజీ నడవదు. మిగిలిన నలుగురు రైతులూ ప్రతి చిన్న పనికీ దూరం పోవాలి. కొత్తగా ఇళ్ళలోకి వచ్చినవాళ్ళు పేడ వాసనంటూ, తెల్లారకముందే ట్రాక్టర్ చప్పుడంటూ ఫిర్యాదులు చేస్తారు. ఇక్కడ ఇళ్ళు కట్టకూడదని చట్టం గట్టిగా గీత గీస్తే ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది. నేల ధర పంట ధరకు దగ్గరగా నిలుస్తుంది, మొక్క నాటడానికి ధైర్యం వస్తుంది.

మరి గీత లోపల పడ్డ రైతు సంగతి? అతని పొలం విలువ ఒక్క సంతకంతో తగ్గింది కదా. ఈ కోపం న్యాయమైనదే. వాషింగ్టన్ నగరం పక్కనున్న మాంట్‌గొమరీ కౌంటీ 1980లో 93 వేల ఎకరాలను వ్యవసాయానికి కేటాయించినప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. 25 ఎకరాలకు ఒక్క ఇల్లే కట్టాలన్నారు. బదులుగా, ప్రతి 5 ఎకరాలకు ఒక ఇల్లు కట్టే హక్కును కాగితం రూపంలో రైతుకిచ్చి, నగరం వైపు కట్టుకునే బిల్డర్లకు అమ్ముకోమన్నారు. ఇల్లు అక్కడ లేస్తుంది, డబ్బు ఇక్కడికి వస్తుంది, పొలం పొలంగానే ఉంటుంది. నాకు తెలిసిన ఏర్పాట్లలో ఇది తెలివైనది, అయితే ఆ హక్కులు కొనేవాళ్ళు ఉన్నంతవరకే.

ఇక టూరిజం. నేల మీది రక్షిత ప్రాంతాలకు ఏటా 800 కోట్ల సందర్శనలు జరుగుతాయని, ఆ జనం 60 వేల కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని 2015లో ఒక అంచనా వచ్చింది. ఆ ప్రాంతాల రక్షణకు పెడుతున్నది ఏటా వెయ్యి కోట్ల డాలర్లు కూడా లేదని అదే అధ్యయనం చెప్పింది. అంకె పెద్దదే గానీ, అది ఎవరి జేబులో పడుతుందన్నది వేరే ప్రశ్న. హోటల్ దూరపు కంపెనీది, వంటింటి సరుకు నగరం నుంచి లారీలో, గైడు బయటివాడు అయితే, అడవి పక్క రైతుకు మిగిలేది రోడ్డు మీది దుమ్మే. అదే సందర్శకుడు తోట దగ్గర ఆగి, పండ్లు తనే కోసుకుని, భోజనం చేసి వెళితే మధ్యలో దళారి ఉండడు. కోత కాలం, టూరిస్టుల కాలం ఒకటే అయిన చోట ఇది బాగా నడుస్తుంది. కానిచోట ఎంత బోర్డు పెట్టినా కష్టమే.

అడవి అంచున బతకడానికి ఖర్చూ ఉంది. పందులో ఏనుగులో రాత్రికి రాత్రి పంట తొక్కేస్తే, ఆ నష్టం అంచు పొలానిదే. టూరిస్టు ఫొటో తీసుకునే జంతువుకు మేత పెట్టేది ఆ రైతే. పరిహారం పంట కాలం దాటకుండా అందని చోట అడవి మీద అభిమానం ఉండమనడం అత్యాశ.

ఇంతకీ గీత ఎంత గట్టిదో తేలేది దాన్ని చెరపాలని చూసినప్పుడే. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 2005లో టొరంటో చుట్టూ, ఇళ్ళు కట్టనివ్వని పచ్చని నేలగా, గ్రీన్‌బెల్ట్‌ను చట్టం చేసింది. ఇప్పుడది దాదాపు 20 లక్షల ఎకరాలు. నయాగరా వైపు పీచ్, ద్రాక్ష తోటలు, హాలండ్ మార్ష్ అనే చోటి నల్లమట్టిలో కూరగాయలు దాని కిందికే వస్తాయి. 2022 నవంబరులో ప్రభుత్వం ఇళ్ళ కోసమంటూ అందులోంచి 7,400 ఎకరాలు తీసేస్తామంది. తీసేస్తే ఆ భూముల యజమానులకు కలిసొచ్చేది 830 కోట్ల కెనడా డాలర్లకు పైనేనని మరుసటి ఆగస్టులో రాష్ట్ర ఆడిటర్ జనరల్ లెక్క చెప్పారు. మట్టి మారలేదు, నీళ్ళు మారలేదు, మారేది మ్యాపు మీది గీత ఒక్కటే. గొడవ పెద్దదయ్యాక సెప్టెంబరులో ప్రీమియర్ (అక్కడి ముఖ్యమంత్రి) డగ్ ఫోర్డ్ క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గాడు. ఆ ఏడాది చివర్లో చట్టం చేసి, తీసేసిన భూముల్ని మళ్ళీ లోపలికి చేర్చారు. ఆ పది నెలల్లో అక్కడ ఎవరైనా పీచ్ మొక్కలు నాటి ఉంటారా అన్నది మాత్రం నాకు అనుమానమే.