కొళాయి వదిలే వేళలు ఎవరు పెట్టారు?

విజయనగరంలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు పక్కింట్లో అడిగే మొదటి మాట: “ఇక్కడ కొళాయి ఎన్నింటికి వదుల్తారండీ?” నీళ్లు ఎప్పుడొస్తాయని కాదు, ఎప్పుడు వదుల్తారని. ఎవరో వాల్వు తిప్పితేనే నీళ్లన్న సంగతి మన మాటలోనే ఉంది.

మా వీధి మొగలో రోడ్డు మధ్యన ఒక ఇనప మూత ఉంటుంది. తెల్లారకుండానే ఒకాయన సైకిల్ మీద వచ్చి, మూత తీసి, పొడుగాటి రాడ్డు దింపి, చుట్లు లెక్కపెడుతూ తిప్పుతాడు. మాకు పన్నెండు చుట్లు, పల్లంలో ఉన్న వెనక వీధికి ఐదే. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన సెలవు పెడితే మిట్టనున్న ఇళ్లలో ఆ వారం బిందె నిండదు.

ఒకప్పుడు ఊరికి నూతులు, చెరువులే దిక్కు. తర్వాత నదులకు వెళ్లారు: చంపావతి మీద నెల్లిమర్ల, గోస్తని మీద ముషిడిపల్లి. నది దగ్గర మోటార్లు, ఊళ్లో ట్యాంకులు, మధ్యలో కిలోమీటర్ల కొద్దీ పైపు. కరెంటున్నప్పుడు నింపు, పొద్దున్నే వదులు. ఇళ్లు తక్కువున్నన్నాళ్లు ఆ పద్ధతి సరిపోయింది. కాలనీలు పెరిగాయి. కొత్త పైపును పాత పైపు చివరే అతికారు. చివరి ఇళ్లకు ప్రెషర్ చాలక లైనుకే మోటారు బిగించుకున్నారు. అది పక్కవాళ్ల నీళ్లు లాగేస్తుంది, పైపు ఖాళీ అయినప్పుడు పగుళ్లలోంచి మురుగునూ లాగుతుంది. అప్పుడు వాల్వు ఆయన ముందు వీధులకు ఒక చుట్టు తగ్గిస్తాడు. పంపు నేరుగా లైనులోకే తోసే చోట, అది సగం మూసిన వాల్వుతో కుస్తీ పడుతూ కరెంటు తాగుతుంది.

ఎంత తాగుతుంది? పది లక్షల లీటర్లను 50 మీటర్లు ఎత్తాలంటే, పంపుసెట్టు సామర్థ్యం 60 శాతమైతే, సుమారు 227 యూనిట్లు. వాల్వు నొక్కిపెట్టడానికి బదులు మోటారు వేగమే పది శాతం తగ్గిస్తే కరెంటు పాతిక శాతం పైనే మిగలొచ్చు. ఎత్తు ఎక్కువున్న చోట మాత్రం అంత రాదు, ఆ సంగతి వేగం తగ్గించే పరికరాలు అమ్మేవాళ్లు చెప్పరు.

ప్రెషర్ లెక్కలు కొత్తవేం కాదు. పైపుల వలలో ప్రవాహాన్ని చేత్తో తేల్చే పద్ధతిని అమెరికన్ ఇంజినీరు హార్డీ క్రాస్ 1936లోనే ఇచ్చాడు. 1993లో అమెరికా పర్యావరణ సంస్థ ఆ లెక్కలే కంప్యూటర్లో చేసే ఎపానెట్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే విడుదల చేసింది. చిక్కు వేరే చోట ఉంది. మూడు పంపులను గంటగంటకూ ఆన్‌లో ఉంచాలా, ఆఫ్‌లో ఉంచాలా అని చూస్తే రోజుకు 72 నిర్ణయాలు. అంటే 47 పక్కన ఇరవై సున్నాలు పెట్టినన్ని దారులు. అందులో మంచి దారిని వెతికే పద్ధతులూ ఉన్నాయి. కానీ వాటికి ఏ వాల్వు ఎంత తెరిచి ఉందో చెప్పాలి. అది తెలిసింది సైకిల్ ఆయనకే.

ఇంకో సంగతి మన తీరానికే ప్రత్యేకం. ఖర్చు తగ్గించే లెక్క ట్యాంకులను వీలైనంత ఖాళీగా ఉంచి, కరెంటు చవకైన గంటల్లో నింపమంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు పోయాక, ట్యాంకులో మిగిలినవే నీళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం ఉద్దానం ఊళ్లలో జనరేటర్లు తిప్పి ట్యాంకులు నింపారు. అందుకే అక్టోబరులో ట్యాంకు నిండుగా ఉండాలన్న షరతు, బిల్లు కాస్త పెరిగినా సరే, పంపులు ఎప్పుడు తిప్పాలో తేల్చే ఇక్కడి కంప్యూటర్ ప్రోగ్రాంలో మొదటి వరసలోనే రాయాలి. దానికంటే ముందు ఎవరైనా ఒక పుస్తకం పట్టుకుని ఆ సైకిల్ వెనక వారం రోజులు తిరగాలి.