ప్యాకేజీ పోస్టర్ చూసి పొలం తాకట్టు పెట్టకండి: యూనివర్సిటీ సీటు, అపోహలు – వాస్తవాలు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే మా ప్లేస్‌మెంట్ సెల్‌కు విద్యార్థుల కంటే తల్లిదండ్రులే ఎక్కువగా వస్తారు. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాలలో ఉద్యోగ నియామకాల పని చూస్తాను. వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒక ప్రైవేటు కళాశాల కరపత్రం ఉంటుంది. దాని మీద నవ్వుతున్న ఒక కుర్రవాడి ఫొటో, పక్కనే పెద్ద అక్షరాలతో 44 లక్షలు. "సార్, అక్కడ ఇంత వచ్చిందట. మీ దగ్గర ఎంత వస్తుంది?" అని అడుగుతారు. ఆ అడగడంలో ఆశ కన్నా భయమే ఎక్కువ వినిపిస్తుంది. పిల్లల భవిష్యత్తును తామే చెడగొడతామేమో అన్న భయం అది. వాళ్ల మీద నాకు కోపం రాదు. ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: హైయెస్ట్ ప్యాకేజీ, సగటు ప్యాకేజీ చూస్తే మా అబ్బాయికి ఎంత వస్తుందో తెలిసిపోతుంది.

తెలియదు. అన్ని అపోహల్లోనూ ఎక్కువ డబ్బు పోగొట్టేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పదిమందికి ఉద్యోగాలు వచ్చాయనుకుందాం. ఒకరికి 44 లక్షలు, మిగతా తొమ్మిది మందికి మూడున్నర లక్షల చొప్పున. సగటు కడితే 7.55 లక్షలు వస్తుంది. పోస్టర్ మీద "సగటు ప్యాకేజీ ఏడున్నర లక్షలు" అని వేస్తారు. అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ ఆ పదిమందిలో ఏడున్నర లక్షలు అందుకునేవాడు ఒక్కడూ లేడు. అందుకే చూడవలసింది మధ్యస్థ వేతనం, అంటే మీడియన్. జీతాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ ఉండే అంకె. మన ఉదాహరణలో అది మూడున్నర లక్షలు. మీ అబ్బాయి మామూలుగా చదివే పిల్లవాడైతే అతనికి దగ్గరగా ఉండే అంకె అదే.

ఆ పదిమంది ఎంతమందిలో పదిమంది? ఇది ఇంకా ముఖ్యం. "95 శాతం ప్లేస్‌మెంట్" అన్నచోట మొత్తం బ్యాచ్‌లో 95 శాతమా, బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) లేకుండా 60 శాతం మార్కులు దాటి కంపెనీల ఎంపిక డ్రైవ్‌కు పేరు ఇచ్చినవారిలో 95 శాతమా అని అడగండి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కించారా అని కూడా అడగండి. సమాధానం సూటిగా రాకపోతే అదే సమాధానం.

ఇక ప్యాకేజీ అనే మాట సంగతి. ఆఫర్ లెటర్‌లో ఉండేది సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా ప్రీమియం, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం, కొన్నిచోట్ల ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్, ఇవన్నీ అందులోనే కలిసి ఉంటాయి. మూడున్నర లక్షలను పన్నెండుతో భాగిస్తే 29 వేలు వస్తుంది కానీ, బ్యాంకు ఖాతాలో పడేది సుమారుగా 24 నుంచి 26 వేలు. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చే మామూలు ప్యాకేజీ పదేళ్లకు పైగా ఈ మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. ఇంటి అద్దె మాత్రం అక్కడే ఆగలేదు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ కంపెనీలు కళాశాలను చూసి జీతం మార్చవు. టీసీఎస్‌నే తీసుకోండి. జాతీయ స్థాయి పరీక్ష పెట్టి, అందులో ప్రతిభను బట్టి నింజా, డిజిటల్, ప్రైమ్ అని వేర్వేరు స్థాయిల్లో తీసుకుంటుంది. నింజాగా ఎంపికైనవాడు నాలుగు లక్షల్లో చదువు ముగించుకుని వచ్చినా, పదిహేను లక్షలు పోసి వచ్చినా ఒకే జీతం. తేడా మిగిలేది ఇంట్లో అప్పు దగ్గరే.

ఆ అప్పు లెక్క చూద్దాం. ఉదాహరణకు ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 3.75 లక్షల చొప్పున నాలుగేళ్లకు 15 లక్షలు, అంతా విద్యా రుణమే, వడ్డీ 10.5 శాతం. చదువు సాగినంత కాలం, ఆ తర్వాత ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు గానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కట్టడం మొదలుపెట్టేనాటికి సాధారణ వడ్డీతోనే అప్పు 20 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 27,700 రూపాయలు. చేతికొచ్చే జీతం 25 వేలు. ఆ పిల్లవాడు ఏం తినాలి, ఎక్కడ ఉండాలి?

అదే యూనివర్సిటీ క్యాంపస్‌లో కన్వీనర్ కోటా సీటుకు (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు), మెస్ ఖర్చుతో కలిపి ఏడాదికి లక్ష అవుతుందనుకుంటే, ఇదే పద్ధతిలో నెల వాయిదా 7,400 దగ్గర ఆగుతుంది. పైగా నాలుగు లక్షల వరకు బ్యాంకు రుణానికి తాకట్టు అక్కరలేదు. ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా పొలమో ఇల్లో కాగితాలు అడుగుతారు. ఒక జాగ్రత్త: క్యాంపస్‌లలో కూడా విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ సపోర్టింగ్ సీట్లుంటాయి, వాటి ఫీజు వేరు. ఆప్షన్ పెట్టేముందు ఏ సీటో చూసుకోండి.

కందుకూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు కూతురి కౌన్సెలింగ్ కోసం మా దగ్గరకు వచ్చారు. పెద్ద కొడుకు అప్పటికే ఒక ప్రైవేటు విద్యాసంస్థలో చదువు ముగించి బెంగళూరులో చేరాడు. ఆఫర్ లెటర్‌లో ఆరున్నర లక్షలు. అందులో జాయినింగ్ బోనస్ ఎంత, వేరియబుల్ ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేదు. బ్యాంకు ఇచ్చింది చాలక మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చారు. అంటే ఏడాదికి 24 శాతం. కొత్తగా చేరినవాడి జీతం ఆ వడ్డీని ఎప్పటికి అందుకోవాలి? "వాడు మంచి ఉద్యోగంలోనే ఉన్నాడండి, కానీ ఇంటికి పంపడానికి ఏమీ మిగలడం లేదు" అన్నారాయన. ఆ మాటలో కొడుకు మీద ఫిర్యాదు లేదు. కొడుకు కష్టపడుతున్నాడనీ ఆయనకు తెలుసు. ఆ రోజు ఇద్దరం కూర్చుని అమ్మాయి ర్యాంకుకు వచ్చే సీట్లన్నింటికీ కాగితం మీద లెక్క కట్టాం. ఆ అమ్మాయి క్యాంపస్ సీటులోనే చేరింది.

మరి సరైన అంకెలు ఎక్కడ దొరుకుతాయి? 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం విద్యాసంస్థలు తమ వివరాలు సమర్పిస్తాయి. ర్యాంకును పక్కన పెట్టి ఆ పట్టిక తెరవండి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యస్థ వేతనం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, అన్నీ అందులో ఉంటాయి. ఉద్యోగాలు వచ్చినవారిని చేరినవారితో భాగించి చూడండి. అవి ఆ సంస్థలే ఇచ్చుకున్న అంకెలన్నది నిజమే. అయినా పోస్టర్ కంటే నయం, మూడేళ్లవి పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఆ ర్యాంకుల్లో యూనివర్సిటీ కేటగిరీ పట్టికలో నాలుగేళ్ల కోర్సులన్నీ కలిసిపోతాయి కాబట్టి ఇంజనీరింగ్ కేటగిరీ పట్టిక చూడండి.

మధ్యస్థ వేతనం నిజంగా ఎక్కువగా ఉండి, బ్యాచ్‌లో ఎక్కువమందికి ఉద్యోగాలు వచ్చిన ప్రైవేటు సంస్థలు లేవని నేననను. అలాంటిచోట అప్పు చేసినా లెక్క కుదరవచ్చు. లెక్క కట్టాక చేరండి.

అపోహ: బి కేటగిరీలో (మేనేజ్‌మెంట్ కోటాలో) చేరినా ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది.

రాదు. అది కన్వీనర్ కోటాకే. "తర్వాత చూసుకుందాం, వస్తుంది" అని ఏ ఏజెంటు చెప్పినా నమ్మకండి. కన్వీనర్ సీటు వచ్చినా ప్రభుత్వం నుంచి డబ్బు విడుదలయ్యేసరికి ఆలస్యం కావచ్చు. హాస్టల్, పుస్తకాలు, రాకపోకల ఖర్చు ఎలాగూ మీదే. కొంత చేతిలో ఉంచుకోండి.

అపోహ: సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది కదా, అనుబంధ కళాశాలైనా క్యాంపస్ అయినా ఒకటే.

డిగ్రీ ఒకటే. అధ్యాపకులు, ల్యాబులు, వచ్చే కంపెనీలు ఒకటి కావు. కళాశాల వారీగా చూడండి.

అపోహ: రాష్ట్ర యూనివర్సిటీ డిగ్రీకి విదేశాల్లో విలువ లేదు.

యూజీసీ గుర్తింపు ఉన్న డిగ్రీ అది. ఉస్మానియా 1918 నుంచి, ఆంధ్రా 1926 నుంచి ఉన్నాయి. అక్కడ చదివినవాళ్లు అమెరికాలో ఎంతమంది ఉన్నారో మీ బంధువులనే అడగండి.

అపోహ: మొదటి జీతం తక్కువైతే చదువు దండగ.

ఇది వింటే నాకు మా అన్నయ్య గుర్తొస్తాడు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ట్రైనీగా చేరాడు. షిఫ్టు డ్యూటీలు, ద్రావకాల వాసన పట్టిన బట్టలు, ఊళ్లో చెప్పుకోవడానికి సిగ్గుపడేంత జీతం. పెళ్లిళ్లలో చుట్టాలు పనిగట్టుకుని "ఇప్పుడు ఎంత వస్తోంది?" అని అడిగేవారు. అన్నయ్య మెల్లగా నాణ్యతా నియంత్రణలోకి, అక్కడి నుంచి ఎనలిటికల్ పరిశోధనలోకి మారాడు. తలమీద అప్పు లేకపోవడం వల్లే తక్కువ జీతంలో పని నేర్చుకునేంత ఓపిక పట్టగలిగాడు. ఈరోజు ఒక విభాగాన్ని నడుపుతున్నాడు. మొదటి ఏడాది అంకెలో ఇదేదీ కనిపించదు. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవాళ్లు, గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు కూడా మధ్యస్థ వేతనంలోకి రారు. మా లాంటి యూనివర్సిటీల్లో అలాంటి పిల్లలు చాలామంది ఉంటారు.

మా దగ్గర లోపాలు లేవా? ఉన్నాయి. అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నిండవు, సిలబస్ నెమ్మదిగా మారుతుంది, కోడింగ్, ఇంగ్లీషు విషయంలో వెంటపడి నేర్పేవాళ్లు తక్కువ. ఫీజులో మిగిలిన డబ్బులో కొంతైనా మంచి ల్యాప్‌టాప్‌కు, శిక్షణకు ఖర్చు పెట్టండి. మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ వెతుక్కోమని పిల్లలకు ఇప్పుడే చెప్పండి.

అప్పు తప్పనివాళ్లు ముందు ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, వృత్తివిద్యా కోర్సులకు చదువు కాలంలోనూ తర్వాత ఏడాదిపాటూ వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి, ఎంపిక చేసిన సంస్థల్లో, 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చే పీఎం విద్యాలక్ష్మి 2024లో వచ్చింది. మీరు పెట్టే ఆప్షన్లలోని కళాశాలలు ఆ జాబితాలో ఉన్నాయో లేదో వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేయకముందే చూసుకోండి, బ్యాంకు మేనేజరును కూడా అప్పుడే కలవండి.