కథ కంచికి చేరని ఆటలు: అపోహలు - వాస్తవాలు

వేలమంది ఒకే ప్రపంచంలో తలో పాత్రగా ఆడే ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటలకు క్వెస్టులు (ఆటగాడికి అప్పగించే పనులు, వాటి కథలు) రాయడం, లోపలి మార్కెట్ లెక్కలు చూడటం నా ఉద్యోగం. చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "ఇంతకీ ఆ ఆట ఎప్పుడు అయిపోతుంది?" అయిపోదంటే నవ్వుతారు. "అయిపోతే మీకు జీతాలెవరిస్తార్లే" అని జవాబూ వాళ్లే చెప్పేస్తారు.

అపోహ: ముగింపున్న ఆటకు నెలనెలా డబ్బు ఎవరూ కట్టరు.

కట్టారు. 2003 ఫిబ్రవరిలో వచ్చిన 'ఎ టేల్ ఇన్ ది డెజర్ట్' సబ్‌స్క్రిప్షన్ ఆటే. ప్రాచీన ఈజిప్టులో నడుస్తుంది, కత్తియుద్ధాలుండవు. ఇటుకలు చేసుకోవాలి, అవిసె పండించాలి, ఏడు విద్యల్లో పరీక్షలు నెగ్గాలి. మొదట్లో సుమారు ఏడాదిన్నరకు ఒక విడత ముగిసేది. కట్టుకున్నదంతా చెరిగిపోయి మళ్లీ మొదటినుంచి. చట్టాలు ఆటగాళ్లే ప్రతిపాదించి ఓటేసుకునేవారు. డెమీ ఫారోగా, అంటే ఒక చిన్న రాజుగా, ఎన్నికైన ఆటగాడికైతే ఏడుగురిదాకా ఆటనుంచే వెలివేసే అధికారం! ఎప్పటికీ నడవాల్సిన ఆటలో నేనైతే ఆ అధికారం ఎవరి చేతికీ ఇవ్వను. గడువున్న ఆట కాబట్టి వాళ్లు తెగించగలిగారు.

అపోహ: అంతులేని ఆటలో సంపాదించింది మనకు ఉండిపోతుంది.

ఇది నా లెక్కల వ్యవహారం, కాస్త ఓపిక పట్టండి. తోడేలును చంపితే పది నాణేలిస్తామనుకోండి. అవి ఎవరి జేబులోంచీ రావు, సర్వరే పుట్టిస్తుంది. రోజుకు లక్ష తోడేళ్లు చస్తే పది లక్షల కొత్త నాణేలు. నీళ్లు వచ్చిపడుతుంటే తూము తెరవకపోతే చెరువు గట్టు తెగుతుంది కదా. కవచం రిపేరు ఖర్చు, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఆటగాళ్లు సరుకులమ్ముకునే వేలంలో కోసుకునే 5 శాతం, ఇవన్నీ నాణేలను బయటికి పంపే తూములే.

ఆయుధాలకు మాత్రం తూము పనిచేయదు. కొత్త ఎక్స్‌పాన్షన్ (ఆటకు చేర్చే అదనపు భాగం) అమ్మాలంటే పాతదానికంటే పదునైన కత్తి చూపించాలి. 2007 జనవరిలో వార్‌క్రాఫ్ట్‌కు బర్నింగ్ క్రూసేడ్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు, నలభైమంది జట్టుకట్టి నెలల తరబడి రైడ్లు (పెద్ద శత్రువులపై దాడులు) చేసి గెలుచుకున్న ఊదారంగు మేటి ఆయుధాల్లో చాలావాటిని మొదటి ప్రాంతంలో మామూలు క్వెస్టులకిచ్చిన ఆకుపచ్చ సాధారణ ఆయుధాలు మించిపోయాయి. అలా పెరిగి పెరిగి, 2014లో ఆయుధాల, పాత్రల బలం చూపే అంకెలన్నీ కుదించాల్సి వచ్చింది. 2020లో 120వ లెవెల్ పాత్రలను 50కి దించారు.

అపోహ: ఎంతకాలం నడిస్తే అంత కథ.

రెండు వారాలు కూర్చుని రాసిన క్వెస్టును ఒక కుర్రాడు నలభై నిమిషాల్లో ముగించి "నెక్స్ట్?" అన్నాడు. నెల తిరిగేలోపు వాడికి ఏదో ఒకటి వడ్డించాలి. "రోజూ పది తోళ్లు తెచ్చివ్వు" అనే డైలీలు అలా పుడతాయి. నేనూ రాశాను, కాదనను.

అపోహ: కథ ముగిస్తే జనం పోతారు.

ఫైనల్ ఫాంటసీ 14 మొదటి రూపం 2010లో విడుదలై బోల్తాపడింది. దాన్ని గుట్టుగా మూసేయకుండా, చందమామ లాంటి డాలముద్‌ను ఆకాశంనుంచి కిందికి దించుతూ వచ్చి, 2012 నవంబరు 11న ఆ ప్రపంచాన్నే ధ్వంసం చేసి సర్వర్లు ఆపారు. మరుసటి ఆగస్టులో కొత్తగా తెరిచారు. ఏళ్ల తరబడి సాగిన ప్రధాన కథను 2021 డిసెంబరులో ఎండ్‌వాకర్ అనే ఎక్స్‌పాన్షన్‌తో ముగిస్తే జనం ఎంత ఎగబడ్డారంటే, సర్వర్లు తట్టుకోలేక కొన్ని వారాలపాటు ఆట అమ్మకాలే ఆపేశారు.

అపోహ: అంతులేని ఆటకు అంతుండదు.

స్టార్ వార్స్ గెలాక్సీస్ 2011 డిసెంబరు 15న, సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబరు 30న మూతపడ్డాయి. నేను పనిచేసిన ఒక చిన్న ఆటకూ నెల నోటీసిచ్చారు. అందులో కొడుకును వెతికిపెట్టమని అడిగే ముసలమ్మ ఉండేది. మొదటి భాగం మాత్రమే రాసి, మిగతాది తర్వాతి ప్యాచ్‌కు (ఆటలో మార్పులు చేర్చే అప్‌డేట్‌కు) వాయిదా వేశాను. చివరి రాత్రి ఒకాయన ఆమె ఎదుట నిలబడి చాట్‌లో నన్నడిగాడు: "ఇంతకీ అబ్బాయి ఎక్కడున్నాడండీ?"

ఇంకా రాయలేదండీ, అన్నాను.