బెంజికి బేరం మొదలైన ఏడాది

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారి, ఖరీదైన కార్ల మీద పన్ను 40 శాతానికి దిగింది. పెద్ద ఎస్‌యూవీలకు అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం ఉండేది. దసరా ముందు ధరలు లక్షల్లో తగ్గేసరికి పాత తగాదా మళ్లీ లేచింది. ఇలా అందరి చేతికీ వస్తూ పోతే బెంజికీ, బీఎండబ్ల్యూకీ ఇక మిగిలే గొప్పేమిటని ఒకరు, పదిమంది కొంటే తప్పేమిటని ఇంకొకరు.

హైదరాబాద్‌లో కార్ల కథ అనగానే నిజాం రోల్స్‌రాయిస్ దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. అది చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగానే ఉంది, వదిలేద్దాం. ఇవాళ్టి గొడవకు మూలం 2013లో ఉంది.

ఆ ఏడాది మేలో మెర్సిడెస్ బెంజి చిన్న కారు ఏ-క్లాస్ వచ్చింది. షోరూమ్ ధర 21.93 లక్షల నుంచి. ఆగస్టులో ఆడి తన క్యూ3లో కొన్ని హంగులు తీసేసి 24.99 లక్షలకు పెట్టింది. సెప్టెంబర్‌లో బీఎండబ్ల్యూ 1 సిరీస్‌ను 20.9 లక్షలకు దించింది. అప్పట్లో ఫార్చ్యూనర్ కొనడానికీ దాదాపు అంతే అయ్యేది. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ, కారు లోన్ మీద తీసుకునే మనిషికి జర్మన్ గుర్తు మొదటిసారి లెక్కలోకి వచ్చింది.

కేవలం చవక మోడళ్లు రావడమే అయితే పెద్ద నష్టం లేకపోయేది. వాటితో పాటు తక్కువ ఈఎంఐ, ఎక్స్‌ఛేంజ్ బోనస్, కొన్నేళ్లకు తిరిగి కొంటామన్న హామీ వచ్చాయి. అంటే లగ్జరీ షోరూమ్‌లోకి బేరం అడుగుపెట్టింది. దాంతో అసలు ధర ఎంతో ఎవరికీ తెలియకుండా పోయింది. మార్చిలో పూర్తి ధరకు తీసుకున్నాయన, డిసెంబర్‌లో పక్కింటాయన అదే బండిని ఇయర్ ఎండింగ్ డిస్కౌంట్‌లో తెచ్చుకోవడం చూశాడు. తన బండి అమ్మబోతే సెకండ్ హ్యాండ్ డీలరు ఆ డిస్కౌంట్ తీసేసి, మిగిలిన దాని మీద లెక్క కట్టాడు.

ఈ ఆటలో ముందుగా గెలిచింది ఆడి. 2013లో 10,002 కార్లు అమ్మి, దేశంలో ఏడాదికి పదివేలు దాటిన మొదటి లగ్జరీ కంపెనీ అయింది. 2015లో 11,192. ఆ తర్వాత జారుడే: 2019కి 4,594. 2020 కరోనా ఏడాది, దాన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదు. 2024లో కూడా 5,816 దగ్గరే ఉంది. అదే ఏడాది మెర్సిడెస్ 19,565 అమ్మింది.

ఆడి వైపు నుంచి చెప్పే కారణాలు వేరు: నోట్ల రద్దు, కొత్త మోడళ్ల ఆలస్యం, 2020లో బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చాక డీజిల్ ఆపేయడం. నిజమే. కాకపోతే నోట్ల రద్దు అందరికీ తగిలింది, డీజిల్ ఆపడం ఆడి సొంత నిర్ణయం.

మెర్సిడెస్ చవక కార్ల నుంచి వెనక్కి తగ్గింది. 2021లో ఇక్కడికి వచ్చిన ఏ-క్లాస్ లిమోసిన్ ధర 39.90 లక్షల నుంచి మొదలైంది. 2022 మేలో ఆ కంపెనీ అధిపతి ఓలా కలేనియస్, చిన్న కార్లలో ఏడు రకాలను నాలుగుకు కుదిస్తామని ప్రకటించారు. పాఠం నేర్చుకున్నారో, లాభం లెక్క చూసుకున్నారో, బహుశా రెండూ.

జాగ్వార్ ఇంత త్వరగా మేలుకోలేదు. ఫోర్డ్ చేతిలో ఉండగా 2001లో ఫోర్డ్ మామూలు కారు మాండియో అడుగు భాగం మీద ఎక్స్-టైప్ తయారుచేసి, ఏడాదికి లక్ష అమ్ముతామని లెక్క వేసుకుంది. అమ్మకాలు ఆ దరిదాపుల్లోకి రాలేదు. 2008లో కంపెనీ టాటాల చేతికి వచ్చింది, మరుసటి ఏడాది ఆ మోడల్ ఆగిపోయింది. 2024 నవంబర్‌లో కొత్త గుర్తు పెట్టుకుని, ఇక ఖరీదైన ఎలక్ట్రిక్ కార్లే చేస్తానంటోంది. అయితే పోర్షే 2002లో ఫోక్స్‌వ్యాగన్‌తో కలిసి ఎస్‌యూవీ చేసినప్పుడు అభిమానులు తిట్టిపోశారు గానీ, ధరలో పోర్షే ఎక్కడా దిగలేదు. కయెన్ అనే ఆ ఎస్‌యూవీ కంపెనీని నిలబెట్టింది.

బీఎండబ్ల్యూ ఇప్పటికీ కింది మెట్టును వదలలేదు. 2025 జనవరిలో ఎలక్ట్రిక్ ఐఎక్స్1 పొడవు రకాన్ని 49 లక్షలకు పెట్టింది. యువకులు ఇక్కడ మొదలుపెట్టి పెద్ద కారుకు వెళ్తారన్నది వాళ్ల వాదన.

ఈలోగా నగరం తన దారి తాను చూసుకుంది. ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 నంబర్ కోసం లక్షల్లో వేలం పాడుతున్నారు. బండి నలుగురికీ వచ్చాక గొప్పతనం నంబర్ ప్లేటుకు మారింది.

ఇక పన్ను తగ్గింపు సంగతి. 2024 మేలో రేంజ్ రోవర్‌ను పుణెలో బిగించడం మొదలుపెట్టినప్పుడు ఒక రకం మీద 56 లక్షల దాకా ధర తగ్గింది. రేంజ్ రోవర్ చవకబారు బండి అయిపోయిందని జూబ్లీహిల్స్‌లో ఎవరూ అనుకోలేదు. ఆ తగ్గింపు బేరమాడి తెచ్చుకున్నది కాదు, అందరికీ ఒకేసారి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ వల్ల తగ్గినదీ అంతే.

కష్టమంతా శ్రావణంలో కొన్నవాళ్లకే. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. పన్నులు తగ్గిస్తామని ప్రధాని ఎర్రకోట మీద చెప్పింది సరిగ్గా వారానికి, 15న. అప్పటికే ముహూర్తం చూసుకుని బండి ఇంటికి తెచ్చుకున్నారు.