పదిమందితో మాట్లాడితే పరిశోధన అయిపోతుందా? బడుల్లో గుణాత్మక అధ్యయనాలపై అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో చదువుల మీద పనిచేసే సంస్థలకు కొదవ లేదు. వాటిలో తెలుగు వచ్చిన ఫీల్డు మనుషులకు గిరాకీ కూడా బాగానే ఉంది. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు కట్టడాల దగ్గర రాయలసీమ నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ పిల్లలు బడిలో కన్నడంలో చదువుతారు. వాళ్లతో, వాళ్ల అమ్మానాన్నలతో, టీచర్లతో మాట్లాడి రమ్మని చేతికి రికార్డర్ ఇచ్చి పంపుతారు. ఇలా అంకెలతో కాకుండా మనుషుల మాటలతో, చూసినవాటితో చేసేదే గుణాత్మక అధ్యయనం. దాని పద్ధతి మాత్రం చాలాచోట్ల ఎవరూ నేర్పరు. ‘మాట్లాడి రాసుకు రావడమే కదా’ అని ఒకరు తేలిగ్గా తీసుకుంటారు, ‘అంకెలు లేనిది పరిశోధనేమిటి’ అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఇద్దరి మాటా సరికాదు.

అపోహ: సర్వే కంటే ఇది తేలికైన పని

గంటసేపటి ఆడియోను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టడానికి అలవాటున్నవాళ్లకే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. గుంపు చర్చయితే ఏ గొంతు ఎవరిదో తేల్చుకోవాలి కాబట్టి అంతకు మించుతుంది. ఇరవై ఇంటర్వ్యూలంటే రాతకే సుమారు వంద గంటలు. ప్రపోజల్ రాసేటప్పుడు ఈ గంటలకు డబ్బు, మనుషులు కేటాయించకపోతే జరిగేది ఒకటే: మొదటి నాలుగైదు టేపులు పూర్తిగా రాస్తారు, మిగతావి జ్ఞాపకంతో నింపుతారు. జ్ఞాపకం ఎప్పుడూ బాగా మాట్లాడినవాళ్లనే గుర్తుపెట్టుకుంటుంది. రిపోర్టులో కొటేషన్లన్నీ ఇద్దరు ముగ్గురివే కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

బెంగళూరులో ఇంకో తిప్పలుంది. ఒకే వాక్యంలో తెలుగు, కన్నడం, కాస్త ఉర్దూ కలిసి వస్తాయి. టైము మిగుల్చుకుందామని వింటూ వింటూనే ఇంగ్లిష్‌లో టైపు చేసేస్తారు. అక్కడే సగం సాక్ష్యం పోతుంది. మాట ఏ భాషలో వచ్చిందో ఆ భాషలోనే రాయాలి; కన్నడ వాక్యాన్ని తెలుగు లిపిలో రాసినా నష్టం లేదు. కోడింగ్, అంటే ఏ మాట ఏ విషయం గురించో చూసి దానికో చిన్న పేరు (కోడ్) పెట్టడం, కూడా దానిమీదే చేయాలి. రిపోర్టులోకి వెళ్లే కొటేషన్లను మాత్రం చివర్లో అనువదించి, రెండు భాషలూ వచ్చిన ఇంకొకరితో సరిచూపించుకోవాలి. ‘సారు చూసుకుంటారు’ అన్న తల్లి ఆ మాటకు ముందు ఆగిందా, నవ్విందా, పక్కనున్న అత్తగారి వైపు చూసిందా అన్నది కూడా రాతలో ఉండాలి. అది నమ్మకమో నిస్సహాయతో తేల్చుకోవడానికి తర్వాత మన దగ్గర మిగిలే ఆధారం అంతే.

అపోహ: 12 ఇంటర్వ్యూలు చేస్తే సరిపోతుంది

ఈ 12 అనే అంకె 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ ప్రచురించిన వ్యాసం నుంచి వచ్చింది. ఘానా, నైజీరియాల్లో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను వాళ్లు వరుసగా విశ్లేషించి చూస్తే, మొదటి 12 అయ్యేసరికే కొత్త విషయాలు రావడం దాదాపు ఆగిపోయింది. అది విద్య మీద చేసిన అధ్యయనం కూడా కాదు. పైగా అక్కడ షరతులున్నాయి: అందరూ ఇంచుమించు ఒకే తరహా వాళ్లు, అందరికీ ఒకే ప్రశ్నలు. మన దగ్గర టీచర్లు, తల్లిదండ్రులు, ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) సభ్యులు అని మూడు వర్గాలుంటే, వర్గానికి నలుగురు చొప్పున కలిపి ‘పన్నెండు అయ్యాయి’ అనడం లెక్క కుదుర్చుకోవడమే. ప్రతి వర్గానికీ విడిగా చూసుకోవాలి.

ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి ఒక కాగితం చాలు. మూడు ఇంటర్వ్యూలు కాగానే కోడ్ చేసి, కొత్తగా వచ్చిన కోడ్‌లెన్నో రాసుకోండి. వరసగా రెండు విడతల్లో చెప్పుకోదగ్గ కొత్త కోడ్ రాకపోతే అప్పుడు ఆపడం గురించి ఆలోచించవచ్చు. ఆపేముందు మాత్రం ఎదురు వాదన చెప్పగలవాళ్లను వెతికి మరీ కలవాలి: పిల్లాణ్ణి ఆ బడి మాన్పించి ప్రైవేటులో వేసిన తండ్రి, మధ్యలో చదువు ఆపేసిన పిల్ల. హెడ్‌మాస్టరు ఎంచి పంపినవాళ్లతోనే మాట్లాడితే మూడో ఇంటర్వ్యూకే అంతా ‘సంతృప్తం’ (ఇక కొత్తదేమీ రాని స్థితి) అయిపోతుంది!

అపోహ: క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటే ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది

కనిపించదు. కొత్త మనిషి నోట్‌బుక్కుతో వస్తే టీచరు మొదట అడిగేది ‘బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసు నుంచా?’ అనే. మొదటి ఒకటి రెండు రోజులు చూసేది మీకోసం వేసిన పాఠం. ఆ నోట్సు దాచండి గానీ, దానిమీద తీర్మానాలు కట్టకండి. చాక్‌పీసులు, కొత్త చార్టులు, ముందు వరుసకు వచ్చిన చురుకైన పిల్లలు, ఇవన్నీ మూడో రోజుకు వాటి చోటికి అవి వెళ్లిపోతాయి.

ఏ పరికరంతో చూస్తున్నామన్నది ఇంకా పెద్ద సంగతి. క్లాసులో ఎవరు ఎంతసేపు మాట్లాడారో లెక్కించడానికి బీఎడ్‌లో చదివిన ఫ్లాండర్స్ పట్టికనే చాలామంది తీసుకెళతారు. అందులో పది వర్గాలుంటాయి: ఏడు టీచరు మాటకు, రెండు విద్యార్థి మాటకు, చివరిది మౌనం లేదా గందరగోళం. మూడు సెకన్లకోసారి, అంటే నిమిషానికి ఇరవై గుర్తులు వేయాలి. టీచరు ముందు నిలబడి అందరికీ ఒకే పాఠం చెప్పే తరగతికి అది చక్కగా పనిచేస్తుంది. దాన్ని కర్ణాటక సర్కారు బడుల్లోని నలి-కలి (ఆడుతూ నేర్చుకునే పద్ధతి) తరగతికి పట్టుకెళ్లండి. ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలు కలిసి కూర్చుంటారు, తట్టెలుగా, అంటే గుంపులుగా, విడిపోయి కార్డులు పట్టుకుని పాఠాల ‘నిచ్చెన’లో ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతుంటారు. టీచరు ఒక గుంపు దగ్గర నేలమీద కూర్చుని ఉంటారు. మిగతా గుంపుల్లో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటున్న చదువంతా ఫ్లాండర్స్ లెక్కలో పదో గడిలోనే పడుతుంది. అసలు పద్ధతి పనిచేస్తున్నచోటే పట్టిక ‘గందరగోళం’ అని చెబుతుందన్నమాట. నలి-కలి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో మొదలైంది, దాని మూలం మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కార్యాచరణ ఆధారిత బోధనకూ మూలం అదే. ఈ తరగతుల్లో ఒక గుంపును గాని, ఒక పిల్లను గాని ఎంచుకుని ఇరవై నిమిషాలు వెంబడించి రాయడం మంచి దారి.

రాయడం ఎలాగో ఒక నమూనా చూడండి. ‘పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు’ అన్నది నోట్సు కాదు, తీర్పు. అదే ఇలా ఉంటే నోట్సు: ‘10:42. ఎర్ర రిబ్బన్ పిల్ల కార్డు తిప్పి బొమ్మ చూసింది. పక్క పిల్లాణ్ణి తెలుగులో అడిగింది. వాడు కన్నడ పదం చెప్పాడు. ఇద్దరూ పలికారు. 10:44. టీచరు ఇటు చూడలేదు.’ పేజీని రెండుగా మడవండి. ఎడమవైపు చూసింది, విన్నది మాత్రమే, కుడివైపు మీకేమనిపించింది అన్నది. సాయంత్రమే, బాగా ఆలస్యమైతే 24 గంటల్లోపు, సాఫు రాసుకోవాలి. తర్వాత రాస్తే ఎడమ గడిలోకి కుడి గడి జారిపోతుంది.

అపోహ: ఫోకస్ గ్రూప్ అంటే ఎనిమిదిమందిని ఒకేసారి ఇంటర్వ్యూ చేయడం

ఒక్కొక్కర్నీ వరుసగా అడిగి జవాబులు రాసుకుంటే అది గుంపు చర్చ కాదు, హడావిడి సర్వే. ఇక్కడ డేటా అంటే వాళ్లలో వాళ్లు ఒప్పుకోవడం, కాదనడం, ఒకరి మాటను ఇంకొకరు సరిచేయడం. పెద్దవాళ్లయితే ఆరు నుంచి ఎనిమిదిమంది, గంట నుంచి గంటన్నర. చిన్నపిల్లలైతే నలుగురైదుగురు, ముప్ఫై నలభై నిమిషాలు దాటకూడదు. నడిపేవారు ఒకరు, ఎవరెక్కడ కూర్చున్నారో బొమ్మ గీసుకుని ఎవరి తర్వాత ఎవరు మాట్లాడారో రాసేవారు ఇంకొకరు. ఎస్‌డీఎంసీ అధ్యక్షుణ్ణీ కూలిపనికి వెళ్లే తల్లులనూ ఒకే చాప మీద కూర్చోబెడితే ఒకే గొంతు రికార్డవుతుంది. ప్రశ్న కూడా ముఖ్యమే. ‘బడి బాగుందా?’ అంటే ‘బాగుంది సార్’ అనే వస్తుంది. ‘పోయిన వారం పిల్ల బడికి వెళ్లనన్న రోజు ఉందా? ఆ రోజు ఏమైందో చెప్పమ్మా’ అనండి, కథ వస్తుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొంటే విశ్లేషణ అదే చేస్తుంది

ఎన్‌వివో, అట్లాస్ లాంటివి మంచి బీరువాలు, అంతకు మించి కాదు. కోడ్‌బుక్కు మీరే రాయాలి. ప్రతి కోడ్‌కూ పేరు, నిర్వచనం, ఏది ఇందులోకి వస్తుంది, ఏది రాదు, ఒక ఉదాహరణ ఉండాలి. ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి, ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే కోహెన్ కప్పా అనే అంకె లెక్కించడం స్థిరమైన కోడ్‌బుక్కు ఉన్నప్పుడు అర్థవంతం. పరిశోధకుల సొంత చూపు కూడా విశ్లేషణలో భాగమేనని బ్రౌన్, క్లార్క్ అనే పరిశోధకులు చెప్పే రిఫ్లెక్సివ్ పద్ధతి తీసుకున్నామని రాసి, పక్కనే కప్పా కూడా చూపితే తెలిసిన రివ్యూయర్ నవ్వుకుంటాడు. బ్రౌన్, క్లార్క్ కప్పాను వద్దనే అంటారు.

అపోహ: రిజిస్టరు, టీచరు, పిల్లలు ఒకే మాట చెబితేనే ఫలితం నమ్మదగ్గది

మూడు వైపుల నుంచి చూడటం ఏకాభిప్రాయం కోసం కాదు. ప్రగతి పట్టికలో పిల్ల అరవయ్యో మెట్టు దాటింది, టీచరూ అదే అంటారు, కార్డు చేతికిస్తే పిల్ల బొమ్మ చూసి అంచనాగా చెబుతోంది. ఇక్కడ ఎవరు అబద్ధం అని వెతికితే పరిశోధన తనిఖీగా మారిపోతుంది. మెట్టు దాటినట్టు గుర్తు ఎప్పుడు పెడుతున్నారు, పైనుంచి ఏ గడువు ఉంది అని అడిగితే మూల్యాంకనానికి పనికొచ్చే జవాబు దొరుకుతుంది. రెండో తరగతి పాఠం ఎంతమంది చదవగలరో 2005 నుంచి గ్రామీణ పిల్లల చదువును ఇంటింటా కొలిచే అసర్ సర్వేలు చెబుతున్నాయి. ఎందుకు చదవలేకపోతున్నారన్నది ఇలాంటి తేడాల దగ్గరే తేలుతుంది.

అపోహ: హెడ్‌మాస్టరు సంతకం ఉంటే అనుమతి అయిపోయినట్టే

అది గేటు లోపలికి రావడానికి మాత్రమే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి, దానిపైన పిల్లల ఇష్టం, రెండూ కావాలి. చదవలేని తల్లికి ఫారం మీద వేలిముద్ర వేయించుకోవడం కాదు, తెలుగులో వివరించి, ఆమె మళ్లీ తన మాటల్లో చెప్పాక అనుమతిని రికార్డు చేయాలి. ‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని పిల్లలకు మాటివ్వకండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిన బాధ్యత మీది కూడా. ‘నీకు ప్రమాదమైతే తప్ప’ అని ముందే చెప్పాలి. పేర్లు మార్చడంతోనూ పని అయిపోదు: క్లస్టరు (చుట్టుపక్కల బడుల సముదాయం) మొత్తానికి తెలుగు టీచరు ఒక్కరే ఉంటే, ‘ఒక తెలుగు టీచరు’ అని రాసినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అలాంటిచోట సబ్జెక్టూ బడి వివరాలూ తీసేయాలి, లేదా ఆ కొటేషన్ వదులుకోవాలి.